చాప మీద నాగమ్మకి చోటేది?

"అమ్మాయ్, నీ కథలో నాగమ్మ పకపకా నవ్విందని నాలుగుచోట్ల రాశావు. అంత నవ్వు ఆవిడకి దేనికొచ్చిందే?"

ఇరవై ఏళ్ళ కిందట మా పెద్దమ్మ నన్నడిగిన ప్రశ్న ఇది. శివరాత్రి నాడు కోటప్పకొండ కింద, దూరం నించి వస్తున్న ప్రభల్ని చూస్తూ, చెరుకుముక్క నములుతూ మామూలుగా అడిగింది. అప్పటికి నేను పల్నాటి యుద్ధం మీద ఓ వారపత్రికలో పన్నెండు వారాలు సీరియల్ రాసి, నాలుగు డజన్ల ఉత్తరాలు అందుకుని, నేనూ రచయిత్రినే అన్న హుషారులో ఉన్నాను. మెచ్చుకుంటుందన్న ఆశతో పన్నెండు సంచికలూ పట్టుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను. పన్నెండూ చదివింది. చదివి ఆ ఒక్క ప్రశ్న అడిగింది.

నిజం చెప్పొద్దూ, నా దగ్గర జవాబు లేదు. నా నాగమ్మ తమలపాకులు నమిలేది, ఒక కనుబొమ్మ ఎగరేసేది, ఎవరికో ఏదో కీడు తలపెట్టి చీకట్లోకి చూసి నవ్వేది. ఎందుకు నవ్వేదంటే, ఆవిడ నాగమ్మ గనక! బి.ఏ.లో చరిత్ర తీసుకుని, పరీక్షల్లో పేజీలకి పేజీలు కారణాలూ ఫలితాలూ రాసి వచ్చినదాన్ని, ఒక మనిషి నవ్వుకి కారణం రాయాలని తోచలేదు.

"ఊళ్ళో నన్నేమంటారో నీకు తెలుసా?" అంది పెద్దమ్మ మళ్ళీ. "నాయకురాలు అంటారు. మెచ్చుకుని కాదులే."

నాకు తెలియదు. పెద్దనాన్న పోయేనాటికి ఆవిడకి ఇరవై ఎనిమిదేళ్ళు. మూడెకరాల నల్లరేగడి, అందులో పత్తీ మిరపా. కౌలుకివ్వమని బావగార్లు చెప్తే ఇవ్వలేదు. తనే నిలబడి సేద్యం చేయించింది. మిరపకాయల బస్తాలు గుంటూరు యార్డుకి తోలించి, కమీషన్ కొట్టు మెట్టుమీద కూర్చుని ధర తేలేదాకా కదిలేది కాదు. చుట్టాలు పెట్టిన పేరు 'నాగమ్మ' అని నేను విన్నది ఆ రాత్రే. ఆ మాట చెప్పి ఆవిడ చెరుకుపిప్పి అవతల పారేసి, "అదుగో మన ప్రభ" అంటూ లేచి నుంచుంది.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకంటారా? ఆ సీరియల్‌ని పుస్తకంగా వేస్తామని ఒక ప్రచురణకర్త ముందుకొచ్చారు. "చిన్న చిన్న మార్పులుంటే చేసుకోండమ్మా" అన్నారు. మార్పుల కోసం మళ్ళీ పల్నాటి కథ చదవడం మొదలెట్టాను. ఈసారి సినిమా గుర్తులతో కాకుండా, పెద్దమ్మ ప్రశ్న పక్కన పెట్టుకుని చదివాను.

అన్నట్టు, మేం అచ్చంగా పల్నాటివాళ్ళం కాదు. పాతరోజుల్లో పల్నాడంటే గురజాల, మాచర్ల, కారెంపూడి వైపు. కోటప్పకొండ నరసరావుపేట తాలూకా. పల్నాటి సంబంధమంటే మా అమ్మమ్మ కాలంలో "అక్కడ నీళ్ళుండవు, జొన్నకూడు తినాలి" అని ఆలోచించేవాళ్ళు. శ్రీనాథుడు కూడా ఆ జొన్నకూటి మీదే విసుక్కున్నాడని చాటువులు చెప్తాయి గదా! 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట ముఖ్యపట్టణంగా పల్నాడు జిల్లా ఏర్పడ్డాక కాగితాల మీద మేమూ పల్నాటివాళ్ళమైపోయాం. కాబట్టి ఇక ఆ యుద్ధంలో మాట్లాడే హక్కు నాకూ వచ్చిందనుకుంటున్నాను.

కథ తెలియని దూరపు జిల్లాల వాళ్ళ కోసం రెండు ముక్కలు. పన్నెండో శతాబ్దిలో హైహయ వంశపు అనుగురాజు వెలనాటి చోడుల ఆడపడుచు మైలమదేవిని పెళ్ళాడి, పల్నాటిని అరణంగా పుచ్చుకున్నాడు. ఆయనకి ఇంకా భార్యలున్నారు. ఒక భార్య కొడుకు నలగామరాజు, మరో భార్య కొడుకు మలిదేవుడు. నలగాముడిది గురజాల, మలిదేవుడిది మాచర్ల. మలిదేవుడి పక్షాన మంత్రి బ్రహ్మనాయుడు, నలగాముడి పక్షాన మంత్రి నాగమ్మ. కోడిపందెంలో ఓడి మాచర్ల వాళ్ళు ఏడేళ్ళు దేశం విడిచి వెళ్ళారు. తిరిగొచ్చి రాజ్యం అడిగితే దక్కలేదు. రాయబారానికి వెళ్ళిన అలరాజుని విషం పెట్టి చంపారు. 1182 ప్రాంతంలో కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగింది. రెండువైపులా వీరులు రాలిపోయారు. బ్రహ్మన్న కొడుకు బాలచంద్రుడు పోయాడు. ఆఖరికి బ్రహ్మన్న గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడనీ, ఇప్పటికీ అక్కడే ఉన్నాడనీ నమ్మేవాళ్ళున్నారు.

దీన్ని పల్నాటి భారతం అనడం మనకలవాటు. పాచికల బదులు కోడిపుంజులు, అరణ్యవాసం, రాయబారం, అభిమన్యుడి చోట బాలచంద్రుడు. ఈ పోలిక విన్నప్పుడల్లా సంతోషించేదాన్ని. ఇప్పుడు మాత్రం ఈ పోలికే నాగమ్మ కొంప ముంచిందనిపిస్తోంది. భారతమన్నాక ఒక శకుని కావాలి గదా! ఆ వేషం ఖాళీగా ఉంటే నాగమ్మకి తొడిగేశారు. భారతంలో ఉన్న ఇంకో ముఖ్యమైన సంగతిని మటుకు మనవాళ్ళు తెచ్చుకోలేదు. నిండుసభలో ద్రౌపది అడిగిందే, ముందు తనని ఓడాడా, నన్ను ఓడాడా అని? ధర్మరాజంతటివాణ్ణి తలవంచుకునేలా చేసిన ప్రశ్న. పల్నాటి కథలో రాజ్యాన్ని ఒక కోడిపుంజు కాలికి కట్టిన పెద్దమనిషిని, "ఏమయ్యా, ఈ పందెం ఒప్పుకునే అధికారం నీకెవరిచ్చారు?" అని అడిగిన ఆడది నేను చదివినంతలో నాకు కనబడలేదు. ఐతమ్మ అడగలేదు. మాంచాల అడగలేదు. నాగమ్మ మోసం చేసి గెలిచిందని చెప్తారు. కానివ్వండి, మోసమే అనుకుందాం. మోసం లేకుండా ఓడి ఉంటే ఆ పందెం న్యాయమైపోయేదా?

ఇంకొకటి చూడండి. తగాదాకి మూలం ఎక్కడుంది? ఒక తండ్రి, వేరువేరు తల్లుల కొడుకులు, ఒక రాజ్యం. మా పెద్దమ్మ భాషలో చెప్పాలంటే గట్టు తగాదా. నాగమ్మ గురజాల కొలువులో అడుగుపెట్టక ముందే ఆ గట్టు అక్కడుంది. ఆవిడ దాన్ని ఎగదోసిందంటే ఒప్పుకుంటాను. ఆవిడే పుట్టించిందంటే మాత్రం చదివినవాళ్ళం ఊరుకోకూడదు.

ఆవిడ మంత్రి అయిన తీరు నాకు మరీ ఇష్టం. కరీంనగర్ ప్రాంతపు ఆరవెల్లి నించి వచ్చిన రెడ్ల ఆడపడుచు, చిన్ననాడే భర్త పోయినది, జిట్టగామాలపాడులో వ్యవసాయం చేసుకుంటోంది. అడవి దారిన పోతున్న రాజుకీ పరివారానికీ అన్నం పెట్టింది. రాజు అనుగురాజని కొందరు, నలగాముడని కొందరు అంటారు. ఏం కావాలో కోరుకోమన్నాడాయన. ఏడు గడియల మంత్రి పదవి కావాలంది. గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. ఏడు గడియలంటే రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలు, సరిగ్గా ఒక తెలుగు సినిమా నిడివి! నగలడగలేదు, మాన్యాలడగలేదు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఒక వితంతువు పదవి అడిగింది. అదీ ఎవరూ కాదనలేనంత తక్కువ కాలానికి. ఇంత తెలివిని చెప్పడానికి మన కథకులకి దొరికిన మాట 'కుటిలత'. ఇదే పని చాణక్యుడు చేస్తే రాజనీతి అని పాఠం పెట్టాం.

మనకి దక్కిన ద్విపద శ్రీనాథుడిదని పేరు. 1911లో అక్కిరాజు ఉమాకాంతంగారు దాన్ని పరిష్కరించి అచ్చు వేయించారు. అది శ్రీనాథుడు రాశాడా, ఆయన పేరున మరొకరు రాశారా అన్నది పండితుల మధ్య తెగని పేచీ, మనం తీర్చలేం. ఎవరు రాసినా యుద్ధం జరిగిన రెండొందల ఏళ్ళు దాటాక రాసినదే. అందులోనూ ముఖ్యంగా మిగిలింది బాలచంద్రుడి యుద్ధం. పడుచువాడు బొంగరాలాడడం, ఆ బొంగరం కోమటి ఇంటి పడుచు కాలికి తగలడం, ఆవిడ అన్న ఎత్తిపొడుపు మాటతో కుర్రవాడికి రోషం పుట్టడం, తల్లి దగ్గరా పెళ్ళాం దగ్గరా సెలవు పుచ్చుకోవడం. చదువుతుంటే కళ్ళు చెమరుస్తాయి, కాదనను. కానీ కొడుకు పోయిన తల్లి పక్కన కూర్చుని చెప్పే కథలో అవతలి పక్షానికి న్యాయం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఈ కథకి ఇంకో సంప్రదాయం ఉంది. కారెంపూడిలో ఏటా కార్తీకమాసంలో అమావాస్య నించి ఐదు రోజులు వీరుల ఉత్సవం చేస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. పాడేవాళ్ళు వీరవిద్యావంతులు. మాలలు. అమెరికా నించి జీన్ రోఘైర్ అనే ఆయన వచ్చి, అలిసెట్టి గాలెయ్య నోటివెంట ఈ కథంతా రికార్డు చేసుకుని, ఇంగ్లీషులోకి మార్చి, 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ చేత అచ్చు వేయించాడు. మన పక్కవాడు పాడుతుంటే మనం వినని పాట అమెరికావాడు వచ్చి వినాల్సొచ్చింది. మన సంగతి మామూలే లెండి.

అమెరికా అంటే గుర్తొచ్చింది. ఈ శివరాత్రికి మా అన్నయ్య కూతురు వర్జీనియా నించి వచ్చింది. కొండకి మెట్లదారినే ఎక్కాలని పట్టుబట్టింది. ఘాట్ రోడ్డున బస్సులు పోతుంటే, కోతుల్ని తోలుకుంటూ ఎక్కాం. నా పుస్తకం గొడవ చెప్పాను. అది ఆయాసపడుతూ నవ్వింది.

"అత్తా, మా దగ్గరా అదే పేచీ. మా ఇంటి నించి రెండు గంటలు కారులో వెళ్తే మాంటిసెల్లో. థామస్ జెఫర్సన్ ఇల్లు. మొన్న వెళ్ళొచ్చాం. గైడు సగంసేపు జెఫర్సన్ గొప్పతనం చెప్పింది, సగంసేపు ఆయన బానిసల గురించి చెప్పింది. మా గుంపులో ఒక పెద్దాయనకి కోపమొచ్చి బయటికెళ్ళిపోయాడు."

నేను కొంచెం చదివినదాన్నే. 1776లో మనుషులంతా సమానంగా పుట్టారని ఆ దేశపు స్వాతంత్ర్య ప్రకటనలో రాసిన చెయ్యి జెఫర్సన్‌ది. ఆ చెయ్యే తన జీవితకాలంలో ఆరువందల మందికి పైగా మనుషుల్ని సొంత ఆస్తిగా లెక్కలు రాసుకుంది. 1826లో ఆయన పోతే, అప్పుల కింద మర్నాటి జనవరిలో ఆ ఇంటి ముందే నూట ముప్ఫై మందిని వేలం వేయబోతున్నామని ప్రకటన వేశారు. శాలీ హెమింగ్స్ అనే బానిస స్త్రీకి ఆయన వల్ల పిల్లలు కలిగారని 1802లోనే పత్రికకెక్కింది. అభిమానులు అబద్ధమన్నారు. 1998లో రక్తపరీక్షలు జరిగాయి. 2000లో ఆ ఇంటిని చూసే సంస్థే ఇది నిజమై ఉంటుందని ఒప్పుకుంది. జార్జి వాషింగ్టన్ కొంత నయం. తనకి చెందిన నూట ఇరవై ముగ్గురిని విడిచిపెట్టమని వీలునామా రాశాడు. అదీ తనూ, ఆ తరవాత భార్యా పోయాకనే అమలవ్వాలని! బతికుండగా పనికి లోటు రాకూడదు గదా.

"మరి ఆయన రాసిన సమానత్వం అబద్ధమా అత్తా?" అంది మా పిల్ల.

అబద్ధమని నేననలేను. ఆ మాట పట్టుకునే తరవాత బానిసత్వాన్ని ప్రశ్నించారు, ఆడవాళ్ళు ఓటడిగారు. రాసినవాడి ఇల్లు వేరు, రాత వేరు. రెండూ చూపించాలి. ఒకటి చూపించి రెండోది దాచేవాడు చరిత్రకారుడు కాడు, పురోహితుడు.

ఇదంతా బ్రహ్మన్న దగ్గరికి తెచ్చి చూశాను. ఆయన పేరు చెప్పగానే పలికే మాట చాపకూడు. కులభేదం లేకుండా వీరులందరినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. మాల కన్నమదాసుని కొడుకన్నాడు, సేనానిని చేశాడు. కారెంపూడి ఉత్సవంలో మందపోరు నాడు ఇప్పటికీ చాపకూడు తింటారు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేసే మేధావులంటే నాకు చిరాకు. యుద్ధానికి మనుషులు కావాలి గనక కూర్చోబెట్టాడంటారు వాళ్ళు. అయితేనేం? మనుషులు కావాల్సిన రాజులు మన చరిత్రలో ఎందరు లేరు? చాప పరిచింది ఎందరు? పైగా ఈ సంగతి బ్రహ్మన్న బంధువులు చెప్పుకోలేదు, ఆ చాప మీద కూర్చున్నవాళ్ళ వారసులు ఇన్నేళ్ళూ పాడుతూ వచ్చారు. జెఫర్సన్‌ని పొగిడే పాట ఆయన బానిసల మనవలు పాడితే ఎంత విలువో అంత విలువ దీనికి.

మరి పేచీ ఎక్కడ? ఆ మాటే కొండ దిగొచ్చాక పెద్దమ్మతో అన్నాను. ఆవిడకిప్పుడు మోకాళ్ళు సహకరించడం లేదు. కింద చెట్టు నీడన సంచులకి కాపలా కూర్చుంది. చాపకూడు గురించి నేను ఉపన్యాసం ఇస్తుంటే అంతా విని, "ఆ చాప మీద ఆడది కూచుందా?" అంది.

"యుద్ధంలో మగవాళ్ళ భోజనం గదా పెద్దమ్మా అది..."

"వండింది ఎవరో మరి."

మా పిల్ల ఎగిరి గంతేసింది. జాన్ ఆడమ్స్ అనే ఆయన ఆ రోజుల్లోనే కొత్త దేశానికి చట్టాలు రాయించే పనిలో ఊరుగాని ఊళ్ళో ఉంటే, భార్య అబిగయిల్ ఉత్తరం రాసిందట. 1776 మార్చి 31. కొత్త చట్టాలు చేసేటప్పుడు ఆడవాళ్ళని మరిచిపోవద్దనీ, మగవాళ్ళ చేతికి మితిమీరిన పెత్తనం ఇవ్వొద్దనీ. మొగుడుగారు నవ్వొచ్చిందని జవాబు రాశాడు. చూశారా, అక్కడ కూడా నవ్వే!

ఇక్కడే నా విమర్శంతా ఉంది. బ్రహ్మన్న చాప మీద మాలకి చోటుంది, బోయకి చోటుంది, బ్రాహ్మణుడికి చోటుంది. కథ ఆడదానికి ఇచ్చిన పనులు వేరే. ఐతమ్మ కొడుకుని సాగనంపాలి. మాంచాల మొగుణ్ణి సాగనంపాలి. అలరాజు పోతే పేరిందేవి చితి ఎక్కాలి. ముగ్గురినీ కథ ఆకాశానికెత్తింది. సాగనంపకుండా, చితి ఎక్కకుండా, మొగుడు పోయాక బతికి లెక్కలు చూసిన నాలుగో ఆవిడ మిగిలింది. ఆవిణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలో కథకి తెలియలేదు. బ్రహ్మన్నకి పాడేవాళ్ళున్నారు. బాలచంద్రుడికి ఏడ్చేవాళ్ళున్నారు. గురజాల వైపు నించి పాడిన గొంతు మన దాకా రాలేదు.

సినిమాలూ చూద్దాం. గూడవల్లి రామబ్రహ్మంగారు మొదలెట్టి, మధ్యలో కన్నుమూస్తే ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన 1947 నాటి 'పల్నాటి యుద్ధం'లో కన్నాంబ నాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మన్న, అక్కినేని బాలచంద్రుడు. 1966లో గుత్తా రామినీడు తీసినదాంట్లో రామారావు బ్రహ్మన్న, భానుమతి నాగమ్మ. ఈ రెండో దాన్ని నేను చిన్నప్పుడు టీవీలో చూశాను. కథ ఆవిణ్ణి ఎంత తిట్టినా, భానుమతి నడిచొస్తుంటే ఆ నడకలో అధికారం కనిపిస్తుంది. మన పెద్ద నటీమణులిద్దరూ పాత్ర రాసినవాళ్ళ కంటే నాగమ్మని ఎక్కువ అర్థం చేసుకున్నారని నా అనుమానం. నేను ఆవిడ నుంచి కనుబొమ్మ ఒక్కటీ తీసుకుని, ఆ నడక వదిలేశాను.

'మాలపల్లి' రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1926లో 'నాయకురాలు' అని నాటకం రాశారు. బ్రహ్మన్న పేరూ పెట్టలేదు, బాలచంద్రుడి పేరూ పెట్టలేదు. గుంటూరు జిల్లా మనిషి, చాప విలువ తెలిసిన మనిషి, నాటకం గుమ్మం మీద ఆవిడ బిరుదు రాశాడు. ఆ తోవన నడిచినవాళ్ళు తక్కువ.

ఈమధ్య మాత్రం గాలి తిరిగింది. నాగమ్మ మొదటి మహిళా మంత్రి అనీ, మచ్చలేని మనిషనీ, బ్రహ్మన్నే కుట్రదారనీ సభల్లో చెప్తున్నారు. ఆయన వెలమ, ఆవిడ రెడ్డి అని ఇద్దరికీ కులాల వారీగా వకీళ్ళు తయారయ్యారు. ఒకరు శైవమంటారు, ఇంకొకరు వైష్ణవమంటారు. ఈ కొత్త పాట కూడా నాకు మింగుడుపడదు. అలరాజు సంగతేమిటి? రాయబారానికొచ్చిన కుర్రవాడు, నలగాముడి సొంత అల్లుడు, చర్లగుడిపాడు దగ్గర విషానికి బలయ్యాడు. ఆ పాపంలో నాగమ్మ చెయ్యి ఉందని కథ గట్టిగా చెప్తుంది. ఆవిడ మంత్రి అన్నది కథ మాట విని నమ్మి, విషం దగ్గరికి రాగానే అదే కథని అబద్ధమంటే ఎలా? మంత్రి అన్నాక మంత్రి చేసిన తప్పులూ ఆవిడవే. నాగమ్మని దేవతని చేసేవాళ్ళు కూడా ఆవిడకి కుర్చీ వెయ్యడం లేదు. గోడకి పటం తగిలిస్తున్నారు, అంతే.

నేను అడిగేది చిన్న మాట. పందెం కాసిన బ్రహ్మన్నని చాపకూడు బ్రహ్మన్నగా గుర్తుపెట్టుకున్నాం. తప్పుని పక్కకి జరిపి మంచిని ముందుకి తెచ్చాం. సంతోషం. విషం పెట్టించిన నాగమ్మ దగ్గర మాత్రం ఏడు గడియల్ని పక్కకి జరిపి విషాన్ని ముందుకి తెచ్చాం. తక్కెడ ఒకటే, పట్టుకున్న చెయ్యే రెండు రకాలుగా పట్టుకుంది. ఇరవై ఏళ్ళ కిందట ఆ చేతుల్లో నాదీ ఒకటి.

సాయంత్రం ప్రభలు రావడం మొదలైంది. మా చిన్నప్పుడు ఎడ్లు లాగేవి, ఇప్పుడు ట్రాక్టర్లు. బొంగుల మీద బొంగులు కట్టి, గుడ్డలు తొడిగి, కరెంటు దీపాలతో ఆకాశాన్నంటేలా నిలబెడతారు. వాటి మోతలో మాట వినపడక, గొల్లభామ ఆనందవల్లి కథ మా పిల్లకి గట్టిగా అరుస్తూ చెప్పాల్సొచ్చింది. రోజూ స్వామికి పాలు మోసిన పిల్ల, నిండు గర్భిణి అయ్యాక కొండ ఎక్కలేక, నువ్వే దిగిరా స్వామీ అంది. వస్తాను, నువ్వు మాత్రం వెనక్కి తిరిగి చూడొద్దన్నాడాయన. వెనకాల పెద్ద చప్పుడైతే తిరిగి చూసింది. అంతే, స్వామి అక్కడే, బ్రహ్మశిఖరం మీద ఆగిపోయాడు.

"అయితే తప్పు ఆవిడదేనన్నమాట!" అంది మా పిల్ల.

"తిరిగి చూసింది గనకే స్వామి ఇంత దగ్గర్లో దొరికాడు" అంది పెద్దమ్మ. "లేకపోతే ఆ మూల రుద్రశిఖరం ఎవడెక్కుతాడు? అందుకే ఆవిడకీ గుడి కట్టి దణ్ణం పెడుతున్నాం." తరవాత కాస్త ఆగి, "ఆ అమెరికాలో, ఆ దొరగారింటి ఆవిడ, శాలీయో ఎవరో, ఆవిడకేమన్నా కట్టారా?"

"గుడి కాదు నాయనమ్మా. ఆవిడ గురించి చెప్పడానికి ఒక గది పెట్టారు. 2018లో."

"ఆవిడ పోయి ఎన్నాళ్ళయింది?"

"1835లో పోయింది" అన్నాను నేను. "నూట ఎనభై మూడేళ్ళకి గది."

పెద్దమ్మ ప్రసాదం పొట్లం విప్పి, అరిసె తుంచి మా ఇద్దరికీ తలో ముక్కా పెట్టింది. "పుస్తకంలో ఆ నవ్వు తీసేస్తున్నావా?" అంది నాకేసి చూసి.

"నాలుగుచోట్లా తీసేస్తున్నాను పెద్దమ్మా."

"మొత్తం తియ్యకు. ఒకచోట ఉంచు." చేతికంటిన నువ్వులు దులుపుకుంది. "అన్నం తిన్న రాజు, ఏడు గడియలేగా, ఆడది ఏం చేస్తుందిలే అని మాటిచ్చేశాడు చూడు... అతను గుర్రమెక్కి మలుపు తిరిగాక, అక్కడ నవ్వి ఉంటుంది."